మేనమామ లేని పెళ్ళి: తెలుగు కుటుంబం ఎటు పోతోంది?

1994లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం తెచ్చినప్పుడు అందులో ఒక నిబంధన పెట్టారు. ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచిగా గానీ, వార్డు సభ్యుడిగా గానీ పోటీ చేయడానికి వీల్లేదు. ముప్పై ఏళ్ళు గడిచాయి. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. 2025లో తెలంగాణ కూడా అదే బాట పట్టింది. 1997లో జనాభా విధానం ప్రకటించి, పిల్లల్ని తగ్గించుకోమని ఊరూరా చెప్పించిన చంద్రబాబు నాయుడే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. విజయనగరం ఎంపీ అయితే 2025 మార్చిలో ఇంకో అడుగు ముందుకేశారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలు, మగపిల్లాడు పుడితే ఒక ఆవు ఇస్తానన్నారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఈ తిరకాసు వెనక ఉన్న అంకెలు నవ్వించేవి కావు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి 1992-93లో జరిగింది. అప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2005-06 సర్వే నాటికి అది 1.8కి దిగింది. 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒక తరం పోయి ఇంకో తరం అంతే సంఖ్యలో నిలబడాలంటే 2.1 ఉండాలి. అంటే దాదాపు రెండు దశాబ్దాలుగా మనం ఆ గీత కిందే ఉన్నాం. జనం తగ్గితే పార్లమెంటులో సీట్లు తగ్గుతాయన్నది నాయకుల బెంగ. ఇళ్ళలో ఉన్న బెంగ వేరు. మంచాన పడితే నీళ్ళెవరు ఇస్తారు, పెళ్ళి పీటల దగ్గర ఎవరు నిలబడతారు, ఊళ్ళో ఇల్లు ఎవరికి రాయాలి. ఇక్కడ మాట్లాడబోయేది ఆ రెండో బెంగ గురించి.

దీనికి అందరి నోటా వినిపించే సమాధానం ఒకటుంది: ఉమ్మడి కుటుంబాలు పోయాయి, విలువలు పోయాయి, కోడళ్ళు మారిపోయారు, పిల్లలు అమెరికా పట్టుకుని వేలాడుతున్నారు. ఈ నిర్ధారణ నాకు ఎప్పుడూ నచ్చలేదు. అందులో చరిత్ర తప్పు, లెక్కా తప్పే.

పొయ్యి వేరు, వీధి ఒకటే

హైదరాబాద్‌కు ఉత్తరాన శామీర్‌పేట ఉంది. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు దానికి ఆనుకునే పోతుంది. 1950ల మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఆ ఊరిని అధ్యయనం చేశారు. అందరం ఊహించుకునే మూడు తరాల ఉమ్మడి కొలువు అక్కడ ఇంటింటా ఏమీ లేదు. పెళ్ళయిన కొన్నేళ్ళకే కొడుకులు వేరు పడడం ఆ ఊళ్ళో మామూలు సంగతని ఆయన గమనించారు. భూమి ఉన్న ఇళ్ళలో, వ్యాపారాలున్న ఇళ్ళలో ఉమ్మడి కొంతకాలం నిలిచేది. కూలి చేసుకు బతికే ఇళ్ళలో ఉమ్మడిగా ఉంచడానికి ఉమ్మడి ఆస్తంటూ ఉంటేగా?

కాబట్టి చిన్న కాపురం నిన్న మొన్న ఊడిపడింది కాదు. మారింది ఏమిటంటే, వేరు పడ్డవాళ్ళు ఎంత దూరాన ఉంటున్నారు, ఎంతమంది ఉంటున్నారు అన్నది. అప్పట్లో వేరు పడ్డ అన్నదమ్ములు అదే వీధిలో ఉండేవారు. కూర గిన్నె గోడ మీంచి అటూ ఇటూ వెళ్ళేది. ముసలాయనకు జ్వరమొస్తే ముగ్గురు కోడళ్ళలో ఎవరో ఒకరు గంజి కాచేవారు. ఎవరూ కాయకపోతే ఊరు నోరు మూసుకునేది కాదు. ఇందులో పెద్ద ప్రేమలున్నాయని చెప్పను. వంతుల గురించి పల్లెల్లో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. ఒక నెల పెద్దోడి ఇంట్లో, ఒక నెల చిన్నోడి ఇంట్లో. అమ్మ ఒకరికి, నాన్న ఇంకొకరికి అని పంచుకున్న పెద్దమనుషుల తీర్మానాలూ ఉన్నాయి. నెల ముప్పయ్యొకటైతే ఆ ఒక్క రోజు అన్నం ఎవరు పెట్టాలన్న దానిపై తగవులూ అయ్యాయి. అయినా వంతు వేసుకోవడానికి మనుషులు ఉండేవారు. అసలు విషయం అది.

2001 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంటికి సగటున నలుగురున్నర మంది. 2011కు నలుగురు. ఆ తర్వాత ఇంకా జనగణనే జరగలేదు. 2027లో లెక్క తేలినప్పుడు అది ఇంకా కిందకు వస్తుందనడానికి జ్యోతిషం అక్కర్లేదు.

పాతికేళ్ళకే ముగిసిన కాన్పులు

జననాల రేటు పడిపోవడం అనగానే చదువుకుని, ఉద్యోగం చేసుకుంటూ, ముప్పై దాటాక ఒక్కరిని కనే నగర మహిళ కళ్ళ ముందు మెదులుతుంది. జపాన్, కొరియా, ఇటలీల కథ అదే. తెలుగునాట జరిగింది అది కానే కాదు. ఇక్కడ పిల్లల్ని తగ్గించింది కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్.

2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహితల్లో వందకు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇంత లేదు. తెలంగాణలో 62. మగవాళ్ళ ఆపరేషన్లు ఆంధ్రలో వందకు ఒక్కటి కూడా లేవు. మాత్ర, లూప్, కండోమ్ వాడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గంతమంది. ఇంకో అంకె దీని పక్కన పెట్టి చూడాలి. అదే సర్వేలో 20-24 ఏళ్ళ ఆడపిల్లల్లో 18 నిండకుండానే పెళ్ళయినవారు ఆంధ్రలో వందకు 29, తెలంగాణలో 23కు పైనే. పిల్లలు తగ్గిన ఆ ఏళ్ళలో పెళ్ళి వయసు పెద్దగా పెరగలేదు, మొదటి కాన్పు ఆలస్యం కాలేదు. పదిహేడుకో పద్దెనిమిదికో పెళ్ళి, ఇరవైకి ఒకరు, ఇరవై రెండుకు ఇంకొకరు, రెండో కాన్పులోనో ఆ వెంటనో ఆపరేషన్. లక్షలాది ఇళ్ళలో జీవితం ఇదే వరసలో నడిచింది. “మేమిద్దరం, మాకిద్దరు” అని గోడల మీద రాసిన నినాదం ఇంత అక్షరాలా ఇంకెక్కడా అమలైనట్టు లేదు.

ఈ వరసకు ఒక పర్యవసానం ఉంది. ఇరవై రెండుకు కాన్పులు ముగించుకున్న ఆమె నలభై దాటేసరికి అత్తగారు, ఆ వెంటనే అమ్మమ్మ. అరవై నాటికి మనవలు కాలేజీలో ఉంటారు. మన దేశంలో అరవై నిండిన స్త్రీ సగటున ఇంకో 18, 19 ఏళ్ళు బతుకుతోంది. పిల్లల్ని పెంచడానికి పట్టిన కాలమే వృద్ధాప్యానికీ పడుతోంది. పైగా మన పెళ్ళిళ్ళలో మొగుడికి ఐదారేళ్ళు ఎక్కువ ఉండడం రివాజు కాబట్టి, ఆ చివరి ఏళ్ళలో చాలావరకు ఆమె ఒంటరిగానే గడపాలి. ఇద్దరు పిల్లలు. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు అత్తారింట్లో.

ఇలాంటి స్త్రీల మొదటి పెద్ద గుంపు, అంటే 1990ల మొదట్లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, ఇప్పుడిప్పుడే అరవైలోకి అడుగుపెడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అరవై పైబడినవారు 2021లో వందకు 12.4 మంది. 2031కి 16.4కు చేరతారని కేంద్ర ప్రభుత్వ అంచనా. పదేళ్ళలో నాలుగు శాతం చిన్నదిగా కనిపిస్తుంది. వీధిలో చూస్తే ఎనిమిది మందికి ఒకరున్నది ఆరుగురికి ఒకరవడం.

చుట్టాల లెక్క

పిల్లలు తగ్గారంటే అందరం నిలువుగా ఆలోచిస్తాం: ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు, వాళ్ళకు తలా ఒకరు. అడ్డంగా ఏమైందో చూస్తే అసలు దెబ్బ తెలుస్తుంది.

అమ్మ వైపు ఐదుగురు, నాన్న వైపు ఐదుగురు అనుకుందాం. ఆ ఇంట్లో పుట్టిన పిల్లాడికి మేనమామలు, పిన్నులు, బాబాయిలు, మేనత్తలు కలిపి ఎనిమిది మంది. వాళ్ళకూ తలా ఐదుగురు పుడితే బావలు, మరదళ్ళు, అన్నలు, చెల్లెళ్ళు కలిసి నలభై. సంక్రాంతికి ఊరెళ్తే పడుకోవడానికి చాపలు చాలని రోజులు అవే. ఇప్పుడు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు అనుకోండి. ఎనిమిది మంది కాస్తా ఇద్దరవుతారు, నలభై కాస్తా నాలుగు. ఆ పిల్లాడికి మేనమామ ఉంటే పిన్ని ఉండదు, మేనత్త ఉంటే బాబాయి ఉండడు. ఇంకో మెట్టు దిగి, ఏకైక కొడుకుకు ఏకైక కూతుర్నిచ్చి చేస్తే వాళ్ళ బిడ్డకు ఈ నలుగురిలో ఒక్కరూ ఉండరు. సున్నా.

మన తంతులన్నీ ఆ ఎనిమిది మంది ఉన్నారన్న ధీమాతో అల్లుకున్నవి. పుట్టువెంట్రుకలకు మొదటి కత్తెర మేనమామది. చెవులు కుట్టేది అతని ఒళ్ళోనే. ఓణీల ఫంక్షన్‌కు బట్టలు అతనివి, పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేదీ అతనే. లాజహోమంలో పేలాలు దోసిట్లో పోయడానికి పెళ్ళికూతురి తోబుట్టువు కావాలి. కొత్త దంపతులు గడప దగ్గరికొస్తే దారికి అడ్డంగా నిలబడి పేర్లు చెప్పించే ఆడపడుచు కావాలి. ఇప్పుడు పెళ్ళిళ్ళలో పురోహితుడు “అమ్మాయి మేనమామ ఎక్కడ?” అని కేకేస్తే, అమ్మ వాళ్ళ పెదనాన్న కొడుకునో, నాన్న స్నేహితుణ్ణో ముందుకు తోస్తున్నారు. పని జరిగిపోతుంది. తంతులు ఎప్పుడూ సర్దుకుంటాయి. ఆపదలో అప్పు ఇచ్చే మేనమామ, మొగుడితో పోట్లాడి వస్తే వారం రోజులు దాచుకునే పిన్ని, ఇంట్లో చెప్పలేని మాట వినే బాబాయి, వీళ్ళ బదులు ఎవరిని తోస్తాం?

మేనరికం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. రక్తసంబంధీకుల పెళ్ళిళ్ళు దక్షిణాదిలో ఇప్పటికీ ఎక్కువే. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో నాలుగో వంతు మంది దగ్గరి చుట్టాలనే చేసుకున్నట్టు తేలింది. పుట్టే పిల్లలకు జబ్బులొస్తాయన్న భయంతో చదువుకున్న ఇళ్ళలో ఇది తగ్గుతోంది. ఆ భయంలో నిజముంది, తగ్గడం మంచిదే. అయితే మేనరికం ఇంకో పని కూడా చేసేది. అత్తారింట్లో అడుగుపెట్టిన పిల్లకు అత్తగారంటే నాన్న తోడబుట్టిన మేనత్తే, లేదా మేనమామ భార్యే. కోడలు మంచాన పడ్డ అత్తకు సేవ చేస్తోందంటే, చిన్నప్పుడు తనకు జడ వేసిన మనిషికి చేస్తోందన్నమాట. ఈ రోజు మ్యాట్రిమొనీ సైట్‌లో కలిసిన రెండు ఇళ్ళ మధ్య ఆ పాత బాకీలేవీ లేవు. అత్తాకోడళ్ళు పరిచయమైన మూడు నెలలకే ఒక వంటింట్లో పడుతున్నారు. దాన్ని విలువల పతనం అనడం అన్యాయం. ఇక మేనరికమే కావాలని ఎవరైనా పట్టుబట్టినా, ఇవ్వడానికి బావ ఉండాలి కదా.

పెళ్ళి సంతలో బేరం కూడా తిరగబడింది. వరిపొలం ఉన్నా సరే, వ్యవసాయం చేసే కుర్రాడికి పిల్లనివ్వమంటున్నారని ఊళ్ళలో ఎవరిని అడిగినా చెబుతారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం, గుళ్ళో అర్చకుణ్ణి పెళ్ళి చేసుకునే అమ్మాయికి 3 లక్షల రూపాయలు ఇస్తామని ప్రకటించింది. కారణం అదే, అర్చకులకు పిల్లలు దొరకడం లేదు. కట్నాలు పోలేదు, అది వేరే జాడ్యం. కానీ కాదనే హక్కు ఆడపిల్లకు కొంచెమైనా వచ్చింది. విడాకులు, రెండో పెళ్ళిళ్ళు, అరవై దాటాక తోడు వెతుక్కోవడం, ఇవి కూడా గుసగుసల స్థాయి దాటాయి. హైదరాబాద్‌లో తోడు-నీడ అనే సంస్థ దశాబ్దానికి పైగా ఒంటరి పెద్దల కోసం పరిచయ వేదికలు నడుపుతోంది. పిల్లలే దగ్గరుండి అమ్మకు, నాన్నకు సంబంధం చూస్తున్న ఇళ్ళున్నాయి. ఆస్తి ఏమవుతుందోనని అడ్డుపడే పిల్లలూ ఉన్నారు.

వంతులు వేసుకునే అమ్మమ్మలు

దూరం గురించి చెప్పాలంటే అమెరికా ముందు గుర్తొస్తుంది. 2010-17 మధ్య అక్కడ ఇళ్ళల్లో మాట్లాడే భాషల్లో అన్నిటికంటే వేగంగా పెరిగింది తెలుగు, 86 శాతం. ఆ ఇళ్ళలో పురుడు ఎలా జరుగుతుందో చూడండి. సందర్శక వీసా మీద వెళ్ళినవాళ్ళను మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. మొదటి ఆరు నెలలు అమ్మాయి వాళ్ళమ్మ. ఆవిడ వచ్చేసే వారం అబ్బాయి వాళ్ళమ్మ దిగుతుంది. కారు నడపడం రాదు, బయట మంచు, పగలంతా పసిపిల్లతో నాలుగు గోడలు. ఊళ్ళో ఉన్న భర్త ఈ ఆరు నెలలూ మెస్ క్యారియర్ తింటాడు. పుట్టింటి పురుడు విమానం ఎక్కిందంతే. పిల్లలు తల్లిదండ్రుల్ని వదిలేశారని అనేవాళ్ళు ఈ ప్రయాణాల్ని లెక్కలోకి తీసుకోరు. అవసరం ఇంకా రెండు వైపులా ఉంది. తేడా ఏమిటంటే, అమ్మమ్మ డెబ్బై దాటి విమానం ఎక్కలేని రోజున ఎదురు ప్రయాణానికి ఆరు నెలల సెలవు ఎవరికీ దొరకదు.

గల్ఫ్ కథ మరోలా ఉంటుంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు మగవాళ్ళు వెళ్తారు. కోనసీమ, పశ్చిమ గోదావరి, కడప, రాయచోటి వైపు నుంచి ఆడవాళ్ళు కువైట్‌లో ఇంటిపనికి పోతారు. అక్కడ ఆమె ఎవరి పిల్లలకో స్నానం చేయిస్తుంది. ఇక్కడ ఆమె పిల్లలకు వాళ్ళ అమ్మమ్మ జడ వేస్తుంది. నెలనెలా వచ్చే డబ్బుతో స్లాబు ఇల్లు లేస్తుంది. ఆ ఇంట్లో తల్లి తప్ప అందరూ ఉంటారు.

హైదరాబాద్‌లో ఇదే గొలుసు ఇంకో రకంగా నడుస్తోంది. మంచాన పడ్డ పెద్దవాళ్ళ కోసం ఏజెన్సీలు కేర్‌టేకర్లను పంపుతాయి. పన్నెండు గంటల డ్యూటీ, ఇరవై నాలుగు గంటల డ్యూటీ అని రెండు రకాలు. వచ్చేది చాలావరకు పల్లెల నుంచి, మన్యం నుంచి వచ్చిన అమ్మాయిలు. చాలామందికి శిక్షణ అంటే మొదటి ఇంట్లో నేర్చుకున్నదే. డయాపర్ మార్చడం, మంచం మీదే ఒళ్ళు తుడవడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, గొట్టంతో ఆహారం ఎక్కించడం. నెల తిరక్కుండానే మనిషి మారుతుంది, కొత్తమ్మాయికి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలి. జీతం ఏజెన్సీకి పోతుంది, అందులో ఆమె చేతికి ఎంత వస్తుందో ఇంటివాళ్ళకు తెలియదు. ఈ పనికి లైసెన్సు, జీతాల పట్టిక, పని గంటల నియమం అంటూ చెప్పుకోదగ్గవి లేవు. ఊళ్ళో తన అత్తగారిని ఎవరు చూస్తున్నారని ఆమెను అడిగేవాళ్ళూ లేరు.

డబ్బిచ్చి మనిషిని పెట్టుకోలేని ఇళ్ళలో ఈ పని ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు. 2024 కాలవినియోగ సర్వేలో దేశవ్యాప్తంగా ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. అదీ ఇంటిపనిలో అసలంటూ చేయి పెట్టినవారి సగటే. కూర్చున్న చోటు నుంచి లేవనివాళ్ళు ఆ లెక్కలోకే రారు. కుటుంబం చిన్నదైనప్పుడు ఈ పనిలో పాలుపంచుకునే తోడికోడళ్ళు మాయమయ్యారు, పని మాత్రం అలాగే ఉంది. మూడో బిడ్డను కనమని సలహా ఇచ్చేవాళ్ళు ముందు ఈ 88ని ఏం చేస్తారో చెప్పాలి.

కూతురికి వాటా, కూతురి మీద భారం

ఆస్తి కాగితాలు కుటుంబాన్ని ఎంతగా మార్చాయో మనం తక్కువగా మాట్లాడుకుంటాం. ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి చేసిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది, 2005 సెప్టెంబరు 9న. సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న పేచీని కూడా 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. తండ్రి అప్పటికే పోయినా కూతురి హక్కు పోదని.

చట్టం వచ్చినంత వేగంగా భూమి రాలేదు. కట్నం ఇచ్చాం కదా, పసుపు కుంకుమల కింద అరెకరం రాశాం కదా అని, రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్ళి హక్కు వదులుకున్నట్టు సంతకాలు పెట్టించుకున్న ఇళ్ళెన్నో. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో పెట్టిన సంతకాలవి. ఒకరిద్దరే పిల్లలున్న ఇళ్ళకు వచ్చేసరికి ఆ తగవు దానంతటదే కరిగిపోయింది. ఒక్కతే కూతురైతే వదులుకోవడానికి ఎవరి పేరున వదులుకుంటుంది? ఆస్తితో పాటు బాధ్యతా వచ్చింది. ఇదివరకు ఇల్లరికం తెచ్చుకునేవారు. ఇప్పుడు అదే అపార్ట్‌మెంటులో రెండు అంతస్తుల కింద ఫ్లాట్ తీసుకుని అమ్మానాన్నల్ని ఉంచుతున్నారు. అల్లుడి గౌరవం నిలుస్తుంది, అత్తగారి సాంబారు అందుతుంది. తండ్రి చితికి నిప్పు పెట్టిన కూతుళ్ళ ఫొటోలు పదేళ్ళ క్రితం పేపర్లో వార్త. ఇప్పుడు జిల్లా ఎడిషన్‌లో చిన్న ముక్క.

తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే 2007 నాటి పోషణ, సంక్షేమ చట్టం ఉంది. పెద్దవాళ్ళు ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకుంటే చాలు. నెలకు గరిష్ఠంగా 10 వేల రూపాయల వరకు మనోవర్తి ఇప్పించవచ్చు. కొడుకులతో పాటు కూతుళ్ళూ, మేజరైన మనవలూ దీని కిందికి వస్తారు. అయితే ఆర్డీవో ఆఫీసుకు వచ్చే గొడవల్లో అన్నిటికంటే చేదుగా ఉండేది ఇది: ఇల్లు ముందే కొడుకు పేర రాసేశారు, రాసిన తర్వాత అన్నం ఆగిపోయింది. స్టాంపు డ్యూటీ తక్కువని బతికుండగానే గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసేయడం మన దగ్గర అలవాటు. చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం అలా రాసిన దస్తావేజును ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. మెలిక ఒక్కటే. చూసుకుంటానన్న షరతు మీదనే ఆస్తి ఇచ్చినట్టు ఉండాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. పెద్దల పక్షాన ఈ చట్టాన్ని ఉదారంగా చదవాలని 2025 జనవరిలో ఇంకో తీర్పులో చెప్పింది, షరతు తప్పిన చోట దస్తావేజును రద్దు చేసింది. “ప్రేమాభిమానాలతో” అని డాక్యుమెంట్ రైటర్ రాసే పాత వాక్యం పక్కనే తిండి, మందులు, నివాసం చూసుకోవాలన్న షరతు కూడా స్పష్టంగా రాయించుకున్నవాళ్ళకు కోర్టులో సగం పని తప్పుతుంది. దీనికంటే వీలునామా మేలు. కన్నుమూసేదాకా అమల్లోకి రాదు, మనసు మారితే మార్చి రాసుకోవచ్చు. కొడుకును అనుమానించినట్టు ఉంటుందని మొహమాటపడేవాళ్ళే ఎక్కువ. ఆ మొహమాటం ఖరీదు ఆర్డీవో ఆఫీసు వరండాలో తెలుస్తుంది.

తల్లిదండ్రుల్ని చూడని ప్రభుత్వోద్యోగుల జీతంలో కోత పెట్టే చట్టం అస్సాంలో 2017లోనే వచ్చింది. అలాంటిదే తెస్తామని తెలంగాణ ముఖ్యమంత్రి కూడా 2025లో ప్రకటించారు. జీతం కోయొచ్చు. కానీ పోట్లాడిన ఇంట్లోంచి వచ్చే డబ్బు మందులకు పనికొస్తుంది గానీ, రాత్రి రెండింటికి బాత్రూంకు తీసుకెళ్ళడానికి పనికిరాదు.

మూడో బిడ్డ లోపు

ముందున్న రోజుల గురించి జోస్యాలు చెప్పడం నాకు చేతకాదు. కొన్ని సంగతులు మాత్రం ఇప్పటికే పుట్టి పెరిగిన మనుషుల లెక్కలు, అవి మారవు.

ప్రోత్సాహకాలతో జననాలు పెరుగుతాయని ఆశపడేవాళ్ళు దక్షిణ కొరియా వైపు చూడాలి. ఏళ్ళ తరబడి కోట్లు గుమ్మరించినా 2023లో అక్కడ ఒక స్త్రీకి సగటున 0.72 మంది పిల్లలు. చైనా 2015లో ఒకే బిడ్డ విధానం వదిలేసింది, ఆ తర్వాత ముగ్గురికీ సరేనంది. జనం కదల్లేదు. మన దగ్గర ఆపరేషన్‌తో తగ్గిన అంకె మీద ఇప్పుడు రెండో అల వచ్చి పడుతోంది: నగరాల్లో పెళ్ళి వయసు పెరగడం, ఒక్కరితో ఆపేయడం, ఐవీఎఫ్ సెంటర్ల బోర్డులు మండల కేంద్రాల దాకా రావడం. స్కూలు ఫీజు, అద్దె, పిల్లని చూసుకునే మనిషి, ఈ మూడింటి లెక్క వేసుకున్న జంట ఆవుకు లొంగదు. ఉద్యోగినులకు ప్రసూతి సెలవు ఎన్నో కాన్పైనా 180 రోజులు ఇవ్వాలని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ఆవు కంటే నయం. అది అందేది ప్రభుత్వ ఉద్యోగం ఉన్న కొద్దిమందికే.

ముసలితనాన్ని కుటుంబం నెత్తిన మాత్రమే వదిలేయని దేశాలు ఏం చేశాయో చూస్తే దారి కొంత కనిపిస్తుంది. జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీర్ఘకాలిక సంరక్షణకు విడిగా బీమా మొదలుపెట్టాయి. ఇంటికి వచ్చి స్నానం చేయించే మనిషి జీతం అందులోంచి వస్తుంది. మనకు అంత డబ్బు లేదంటారా, కేరళ ఉంది. 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు మొదలుపెట్టిన పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) ఉద్యమం పంచాయతీల చేతికొచ్చింది. మంచాన పడ్డ మనిషి ఇంటికి శిక్షణ పొందిన నర్సూ, వీధిలోని వాలంటీర్లూ వెళ్తారు. 2008లో ఆ రాష్ట్రం దాన్ని ప్రభుత్వ విధానం చేసింది. మన దగ్గర 70 నిండినవారికి 2024 నుంచి కేంద్రం ఇస్తున్న 5 లక్షల ఆరోగ్య బీమా ఆస్పత్రిలో చేరితే పనికొస్తుంది. ఇంటికి వచ్చాక రోజూ మనిషి చేయాల్సిన సేవకు అందులో పైసా లేదు.

అలాగని మనకు పునాది లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధాప్య పింఛను 4 వేలు, ఒకటో తారీఖున గ్రామ, వార్డు సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి ఇస్తారు. ఏ ఇంట్లో ఏ ముసలమ్మ ఒంటరిగా ఉందో, ఎవరు మంచం దిగలేరో వాళ్ళ దగ్గర పేరుపేరునా జాబితా ఉంది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం తరచూ అదే వీధిలో తిరుగుతారు. అయితే వాళ్ళ రిజిస్టర్లలో గర్భిణులు, బాలింతలు, టీకాలు, బీపీ, షుగర్ ఉంటాయి. పక్కపుండ్లకు, మతిమరుపుకు వాటిలో చోటు తక్కువ. డ్వాక్రా సంఘాల్లో ముప్పై ఏళ్ళుగా అప్పు తీసుకుని తీర్చడం నేర్చిన లక్షలాది మహిళలున్నారు. వాళ్ళలో మండలానికి యాభై మందికి ఆరు నెలల శిక్షణ, సర్టిఫికెట్, నెల జీతం ఇచ్చి ఈ పనిలో పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

ఇక లెక్క సరిచూసుకుందాం. 2000లో పాతికేళ్ళకు ఆపరేషన్ చేయించుకున్న ఆమెకు 2035లో అరవై, 2050లో డెబ్బై అయిదు. ప్రోత్సాహకం చూసి ఎవరైనా ఈ ఏడాది మూడో బిడ్డను కన్నారనే అనుకుందాం, ఆ బిడ్డ చదువు ముగించి సంపాదన మొదలుపెట్టేది దాదాపు 2050లో. అప్పటికి 1990ల మొదట్లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఎనభైల్లో ఉంటారు, కొందరు ఉండరు. వాళ్ళకు మనిషి కావాల్సింది 2035కూ 2050కూ మధ్య. ఆ పదిహేనేళ్ళలో వాళ్ళను లేపి కూర్చోబెట్టాల్సినవాళ్ళు ఇప్పటికే పుట్టేశారు. ఇంటర్ చదువుతున్నారు, లేదా మానేసి పెళ్ళి చేసుకున్నారు.